మట్టిలో కుదిరిన చెయ్యి

"సరేనని చెప్పేసినా" అన్నాడు నారాయణసామి.

మహేశ్వరిప్రియ ఇంకా చెప్పులు విప్పలేదు. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల పని ముగించుకుని, వ్యాను దిగి, అప్పుడే గడప దగ్గరికి వచ్చింది. వేళ్ళకు ఇంకా మందు వాసన ఉంది. అరుగు మీద కాఫీ తాగిన గ్లాసు బోర్లించి ఉంది. ఎవరో వచ్చి పోయారు.

"ఎవురికి సరే అని?"

"అంతోణి వచ్చిండె. సోమవారం నించి ఆఫీసు తెరుస్తారంట. నన్ను రమ్మంటుండారు."

ఆ పక్కల ఫ్యాక్టరీని ఎవరూ ఫ్యాక్టరీ అనరు. అగ్గిపెట్టెలు చేసేదీ ఆఫీసే, పటాసులు చేసేదీ ఆఫీసే. అంతోణి చెప్పిన ఆఫీసు వెంబకోట్టై దగ్గరిది. పోయిన ఎండాకాలం మందు కలిపే షెడ్డు పేలినప్పుడు నారాయణసామి కుడిచెయ్యి కాలిందీ, ఎడమచెవి వినికిడి పోయిందీ అక్కడే. ఆ పూట షెడ్డు బయట నీళ్ళు తాగుతూ నిలబడ్డవాడు అంతోణి. మంటల్లోంచి నారాయణసామిని ఈడ్చుకొచ్చిందీ అతనే.

ప్రియ చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది.

"నన్ను అడిగితివా?"

"అడిగితే వద్దంటావు."

"వద్దంటానని తెలిసే చెప్పితివా?"

"మందు షెడ్డు కాదు ప్రియా. కాయితం చుట్టే పని. కూచోని చేసేది. అంతోణి ఒట్టేసి చెప్పినాడు."

"అంతోణన్న ఒట్టేస్తే షెడ్డు పేలకుండా ఆగుతాదా బావా?"

లోపల పొయ్యి దగ్గర గురువమ్మాళ్ గరిటె తిప్పుతున్న చప్పుడు ఆగింది. ఆవిడ ప్రియకు తల్లి. నారాయణసామికి అత్త మాత్రమే కాదు, వాళ్ళ నాయనకు తోడబుట్టిన అక్క కూడా. ప్రమాదం తర్వాత సాత్తూరులో వరసగా కట్టిన లైను ఇంటినుంచి కూతుర్నీ అల్లుణ్ణీ మనవరాలినీ నాగలాపురం పక్కనున్న తన ఊరికి తీసుకొచ్చింది ఆవిడే. ఇప్పుడు మాత్రం బయటికి రాలేదు. గరిటె మళ్ళీ తిరిగింది.

దొడ్డి వైపు నుంచి సంగవి పరుగెత్తుకొచ్చింది. బడి గౌను మీదే ఉంది, మోకాళ్ళకు మట్టి.

"నాయనా, మోడం బాగా కమ్ముతుండాది. సొరతీగకి కట్టె పాతల్ల అంటివి గదా. దా!"

"ఇబ్బుడు వద్దు."

"వాన వస్తే పడిపోతాది."

"వద్దంటే వద్దు!"

సంగవి తండ్రి మొహం చూసింది, తల్లి మొహం చూసింది. వెనక్కి పోయి, ఒక్కతే కట్టె పాతడానికి రాయి వెతుక్కోసాగింది.

ఆ పూట నలుగురూ నాలుగు చోట్ల తిన్నారు.

*

అలా తినడం ఆ ఇంట్లో కొత్త కాదు. వైకాశి నెలలో, ఎండలు ముదిరి ఉండగా వాళ్ళు ఆ ఊరికి వచ్చిన కొత్తల్లో, రోజూ అంతే. నారాయణసామి అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చునేవాడు. పుండు మానింది గాని వేళ్ళు కొయ్యలా బిగుసుకుపోయాయి. పిసుక్కోమని ఆస్పత్రిలో ఇచ్చిన రబ్బరు బంతిని వీధిలోకి విసిరేశాడు. సంగవి ఆ చేతి పక్కన కూర్చోవడానికి భయపడేది. ప్రియ పొద్దున వ్యాను ఎక్కితే మళ్ళీ పొద్దుగూకాకే. ఎవరి అలసట వాళ్ళది.

బంతి సంగతి తెలిసి, విరుదునగరు పెద్దాస్పత్రిలో ఫిజియోతెరపీ డాక్టరమ్మ కోప్పడలేదు. "మీకు చిరాకు పుట్టని పని ఏదైనా చూసుకోండి. మట్టి పిసకండి, గుంట తవ్వండి, ఏదైనా సరే. ఆ చేతిని ఊరికే కూర్చోబెట్టకండి" అంది.

ఆడి నెల గాలులు మొదలయ్యాక, మొదటి చినుకులకు దొడ్డి నెర్రెలు కాస్త పూడుకున్నాయి. ఒకరోజు నారాయణసామి విసుగ్గానే దొడ్డి తలుపు తీసి, కత్తి మొనతో ఒక పాది తవ్వి, అందులో సొరవిత్తనాలు పెట్టాడు. మరునాడు ఇంకో పాది. చిక్కుడు పెట్టాడు. తర్వాత వంగనారు తెచ్చాడు. రేగడి మట్టి తడిస్తే వేళ్ళకు పట్టుకుంటే వదలదు. దాన్ని వదిలించుకోవడానికే అతని వేళ్ళు కదలడం నేర్చుకున్నాయి.

పురట్టాసి నెలలో బెండ పూతకొచ్చింది. ఏ పువ్వు ఎప్పుడు కాయ అవుతుందో చూడ్డానికి సంగవి బడినుంచి నేరుగా దొడ్డిలోకి పోయేది. తండ్రి కాలిన చెయ్యి పట్టుకుని గుంజి మరీ చూపించేది. ప్రియ కూడా వ్యాను దిగి వంటింట్లోకి కాక ముందు అటే పోయేది. ఎప్పుడు మొదలైందో తెలీదు గాని, చల్లబడ్డాక కంచాలు దొడ్డిలోకే వచ్చేవి. కాకరకాయ చేదా కాదా అని వాదులాటలు, నవ్వులు. ఆ మధ్య ప్రియ ఒకసారి తల్లితో అంది: "అమ్మా, ఈ మనిసి మళ్ళా నన్ను ఎగతాళి చేస్తుండాడు."

ఆ రోజు సొరకాయ పులుసులో గురువమ్మాళ్ వేసిన నెయ్యి మామూలు కంటే ఎక్కువే.

*

ఐప్పసి నెల వాన, ఆ గొడవైన మరునాడు శనివారం మొదలై ఆదివారం మధ్యాహ్నానికీ విడవలేదు. నల్లరేగడి నీళ్ళను తొందరగా తాగదు. దొడ్డంతా చెరువైంది. వంగచెట్లు మొదళ్ళదాకా మునిగి వాలిపోయాయి. బెండ ఆకులు పసుపు తిరిగాయి. సంగవి పాతిన కట్టె సొరతీగతో సహా నీళ్ళలో పడి ఉంది.

నారాయణసామి వెనకవాకిట్లో నిలబడి చూస్తున్నాడు.

"కాలువ తియ్యకుంటే వేళ్ళు కుళ్ళిపోతాయి నాయనా" అంది సంగవి.

"కుళ్ళనీ."

గురువమ్మాళ్ చూరు కింద ఆనించిన పార తీసుకుని, కొంగు నెత్తిన వేసుకుని, వానలోకి దిగింది.

"అత్తా, ఎక్కడికి?"

"నీళ్ళు దియ్యల్ల."

"చచ్చేటివి చస్తాయి. రాండి లోపలికి."

ఆవిడ వినిపించుకోలేదు. గోడ మూలనుంచి గాడి కొట్టడం మొదలుపెట్టింది. బంకమట్టి పారకు అతుక్కుని రావడం లేదు. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో కాలు జారి చెయ్యి ఆనించి కూలబడింది.

"అమ్మా!" లోపలినుంచి ప్రియ పరుగెత్తింది. ఆమె కంటే ముందే నారాయణసామి దిగాడు. అత్తను లేపి గట్టు మీద కూర్చోబెట్టి, పార అందుకున్నాడు. అత్త ఆపిన చోటునుంచి తవ్వసాగాడు. ప్రియ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, వాలిన వంగచెట్లను లేపి మొదళ్ళకు మట్టి ఎగదోయసాగింది. సంగవి తట్టతో నీళ్ళు తోడి అవతల పోస్తోంది.

"రేపు పొయ్యేవానికి ఈ చెట్లెందుకు?" అంది ప్రియ, తల ఎత్తకుండా.

"పొయ్యేదాకా చూస్తా."

"మమ్మల్ని గూడా అంతేనా? పొయ్యేదాకా చూస్తివా?"

పార ఆగింది.

"నన్నేం చెయ్యమంటావు ప్రియా? నువ్వు పొద్దున వ్యాను ఎక్కి పోతావు. నేను అత్తింట్లో కూచోని వంకాయలకు నీళ్ళు పోస్తుండా. నేనొక మొగోణ్ణి! టీకొట్టు కాడికి పోవల్లంటే సిగ్గు."

"ఎవురన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవురూ ఏమీ అనలే. అనకనే వినిపిస్తాది. ఉండేది ఒక చెవే అయినా వినిపిస్తాది."

"నాకు వినిపించేది వేరే బావా. నీకు తెలుసునా? వ్యాన్లో ఎవురి ఫోను మోగినా నా గుండె ఆగిపోతాది. ఆ పొద్దు అట్లనే ఫోన్లో వచ్చింది కబురు. ఇంగా మోగుతానే ఉండాది నాకు. నువ్వు దొడ్లో ఉండావు అని నాకు నేను చెప్పుకుంటే అప్పుడు ఊపిరి వస్తాది. రేపు నించి ఏమని చెప్పుకునేది?"

నారాయణసామి పార మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. వాన నీళ్ళు కనుబొమల మీంచి కారుతున్నాయి.

గట్టు మీదనుంచి గురువమ్మాళ్ గొంతు వినిపించింది.

"నారాయణా."

ఆ గొడవ మొదలైన రెండురోజుల్లో దాని గురించి ఆవిడ నోరు తెరవడం అదే మొదలు.

"మీ మామ పొయినంక ఈ దొడ్డి తలుపు నేను తియ్యలే. ఎన్ని వానలు వచ్చి పాయెనో. తెల్లారితే ఎందుకు లేస్తిమిరా అని ఉండె. నువ్వు వచ్చి గుంట తవ్వినబ్బుడు నాకు కోపమే వచ్చింది. ఇంగ వీటికి నీళ్ళు పోస్తా ఎవురు ఉంటారు అని. ఇబ్బుడు చూడు, కోడి కుయ్యక ముందే కాళ్ళు ఈ పక్కకే వస్తుండాయి. అత్త కూడు తింటుండా అని నువ్వు కుమిలిపోతుండావు. నన్ను మంచంమీద నించి లేపిందెవురు?"

"అత్తా..."

"ఉండు, చెప్పనీ. పో అనను, పోవద్దు అనను. అది నువ్వూ నా కూతురూ మాట్లాడుకోండి. నాకు బారమైనానని మాత్రం ఇంగొకసారి నా కాడ అనద్దు. నువ్వు నా తమ్ముని బిడ్డవి. నాకు సిగ్గుగా ఉంటాది."

ప్రియ మట్టిచేత్తోనే ముక్కు తుడుచుకుంది. సంగవి తట్ట పట్టుకుని కదలకుండా నిలబడింది.

అప్పుడే గోడ అవతలనుంచి పక్కింటి సుబ్బమ్మాళ్ కేక వినిపించింది: "గురువక్కో! మీ దొడ్డి నీళ్ళంతా మా కోళ్ళగూట్లోకి వస్తుండాది! నా కోళ్ళు ఈత కొడతుండాయి! ఎవురు తవ్వినారు కాలువ ఇట్ల?"

సంగవి పకపక నవ్వింది. నారాయణసామి నాలిక కరుచుకుని, పార భుజాన వేసుకుని, గోడ వైపు పరుగెత్తాడు. కాలువను వీధి వైపు మళ్ళించేసరికి పొద్దుగూకింది.

బెండ పోయింది. వంగలో సగం నిలిచింది. సొరతీగను సంగవి తండ్రి చేత మళ్ళీ పందిరికి ఎత్తించింది.

తడిబట్టలు పిండుకుంటూ ప్రియ అంది: "రేపు నీ చెయ్యి చూపించుకునేదానికి ఆస్పత్రికి నేనూ వస్తా. లీవు పెడతా. ఆడనించి వచ్చేటబ్బుడు నువ్వు సాత్తూర్లో దిగేదీ దిగనిదీ నీ ఇష్టం."

సాత్తూరు బస్టాండులో అంతోణి కాచుకుని ఉంటానన్న సంగతి నారాయణసామి ఆమెకు చెప్పలేదు. గురువమ్మాళ్ చెప్పిందేమో.

*

డాక్టరమ్మ అతని వేళ్ళను ఒక్కొక్కటే వంచి చూసింది. మణికట్టు తిప్పి చూసింది.

"పిడికిలి పట్టండి" అంది తమిళంలో.

నారాయణసామి పట్టాడు. ఆవిడ తన పెన్ను ఆ పిడికిట్లో పెట్టి లాగింది. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగింది. అయినా రాలేదు. ఆవిడ నవ్వేసింది.

"పోయినసారి ఈ చేత్తో గ్లాసు కూడా పట్టుకోలేకపోయారు మీరు! ఏం చేశారు?"

"దొడ్లో చెట్లు పెట్టినానమ్మా."

"ఇంక మీరు ఇక్కడికి రానక్కర్లేదు. వెచ్చని నీళ్ళు, నూనె, అంతే. పనిలోకి పోవచ్చు."

ఆ మాట కోసం ప్రియ ఎండాకాలం నుంచి మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు విని, ఒళ్ళోని చేతిసంచీని దగ్గరికి లాక్కుని, "సరిమ్మా" అని లేచింది.

బస్సు విరుదునగరు దాటింది. వానకు రోడ్డు పక్క వానమీదే పండే పుంజనేలలు నల్లగా మెరుస్తున్నాయి. ఎక్కడ చూసినా మడకలు, ట్రాక్టర్లు. ఎండాకాలమంతా చచ్చిపడినట్టున్న నేల మీద మనుషులు వంగి విత్తుతున్నారు.

"బాగయింది గదా" అన్నాడు నారాయణసామి.

"ఆమా. బాగయింది."

"నీకు సంతోసంగా లేదా?"

ప్రియ కిటికీలోంచి చూపు తిప్పలేదు. "ఈ చెయ్యి బాగు కావల్లని నేను మొక్కింది దాన్ని మళ్ళా వాళ్ళకు ఇచ్చేదానికి కాదు." గొంతు తగ్గించి అంది: "పిడికిలి మూసుకోకుంటే బాగుండె అనుకొంటి బావా. ఆ డాక్టరమ్మ పెన్ను లాగేటబ్బుడు. జారిపోనీ, జారిపోనీ అని. చూడు నా బుద్ది ఎట్లయిందో."

అతను ఆమె వైపు తిరిగి చూశాడు. ఏదో అనబోయి మానేశాడు.

సాత్తూర్లో బస్సు ఆగింది. దోసపిందెలు అమ్మేవాళ్ళు కిటికీల కింద మూగారు. నారాయణసామి లేచాడు.

"నువ్వు కూచో. ఊరికి పో. నేను అంతోణితో మాట్లాడి వస్తా."

ఆమె తల ఊపలేదు. దారి ఇవ్వడానికి మోకాళ్ళు మాత్రం పక్కకి జరుపుకుంది.

అతను దిగి పోవడం, స్తంభం దగ్గరి సిమెంటు బెంచీ మీదనుంచి అంతోణి లేచి నవ్వడం, భుజం మీద చెయ్యి వెయ్యడం ఆమెకు కిటికీలోంచి కనిపించింది. కండక్టరు విజిలు వేశాడు. బస్సు కదిలింది.

"ఆపండన్నా! దిగల్ల!" అని తమిళంలో కేకేసి, తిట్లు తింటూ ప్రియ దిగేసింది.

ఆమె దగ్గరికి వచ్చేసరికి అంతోణి అడుగుతున్నాడు: "డాక్టరమ్మ ఏమన్నది నారాయణా?"

"బాగయిందన్నది."

"మరింకేం! లోడు బండి కాయితం రీళ్ళు ఎత్తుకొని ఇట్లనే వస్తాది. దాంట్లోనే పోతాం. రా చెల్లెమ్మా, బాగుండావా?"

ప్రియ భర్త పక్కకు వచ్చి నిలబడింది.

"నేను రాలేను అంతోణీ" అన్నాడు నారాయణసామి.

అంతోణి నవ్వు అలాగే ఉండిపోయింది. "కాయితం చుట్టే పనేరా. మందు కాడికి నిన్ను పోనిస్తానా నేను?"

"తెలుసు. కాయితమైనా సరే. ఆ గేటు కాడికి వస్తే నా కాళ్ళు ఆడవు. మొన్న సరే అంటి గదా, అది నేను అనలే. టీకొట్టు కాడ ఎవురో ఏదో అనుకుంటారని అంటి."

"ఇల్లు ఎట్ల గడుస్తాది?"

"పొద్దున అత్తతో మాట్లాడితి. ఆమె పుంజ నాలుగేండ్లుగా బీడుండాది. ఈ పదునుకు కొత్తిమీర చల్లచ్చు అన్నది. తెలిసిన పని కాదు. పండుతాదో లేదో. అయినా చూస్తాం."

ప్రియకు ఆ మాట కొత్త. భర్త మొహంలోకి చూసింది. బస్సంతా ఆ మాట లోపల పెట్టుకుని కూర్చున్నాడా! కోపం వచ్చింది. కోపం వెనకాలే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. వాటిని దాచుకోవడానికి అంతోణి మీదికి తిరిగింది.

"తప్పుగా అనుకోవద్దన్నా. నువ్వు మా ఆయన ప్రాణం కాపాడినావు. చచ్చేదాకా మర్చిపోను. అయితే ఆ ఆఫీసోళ్ళ కోసరం మా ఇంటికి ఇంగ రావద్దు. వాళ్ళకి వేరే మనిసి దొరకడా?"

"వాళ్ళు పిలవలే చెల్లెమ్మా."

"ఏంది?"

"వాళ్ళు నారాయణను అడగలే." అంతోణి బెంచీ వీపు పట్టుకున్నాడు. "నేనుదా ఓనరు కాడ నిలబడి అడిగినా. వాణ్ణి మళ్ళా పెట్టుకోండి అని."

"ఏల?" అన్నాడు నారాయణసామి.

అంతోణి నేల చూశాడు. "నాకు బయంగా ఉండాదిరా. కొత్త షెడ్డు కట్టినారు, అదే చోట. తెల్ల సున్నం కొట్టినారు. తెరిచే ముందు సర్దే పనికి వారంగా పోతుండా, అందరూ కొత్తోళ్ళు. నవ్వుతుంటారు, సెల్లు చూస్తుంటారు. నేను లోపలికి పోతే తలుపు పక్కనే నిలబడిపోతా. ఎవురికి చెప్పేది? ఇంటికాడ చెప్తే ఆమె ఏడుస్తాది. ఆ పొద్దు చూసినోడు ఒకడు పక్కన కూచుంటే చాలనుకుంటి. అంతేరా. నిన్ను మళ్ళా ఆ నిప్పు కాడికే పిలుస్తుండానని తెలిసే పిలిచినా."

నారాయణసామి ఒక అడుగు దగ్గరికి జరిగాడు.

ప్రియ అంతోణిని ఆ రోజు మొదటిసారి సరిగ్గా చూసింది. అతని ఒంటి మీద చిన్న మచ్చ కూడా లేదు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరూ అతన్ని ఏ ఆస్పత్రికీ తీసుకుపోలేదు. ఎట్లుండావని అడిగినవాళ్ళు కూడా లేరు. ఆమె కూడా అడగలేదు. వచ్చిన ప్రతిసారీ కాఫీ ఇచ్చి, మొగుడి గురించే మాట్లాడి పంపేసింది.

కాయితం రీళ్ళు ఎత్తిన లోడు బండి బస్టాండు మలుపు తిరిగి రోడ్డు అంచున ఆగింది. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

"అంతోణీ! ఎక్కు, ఎక్కు! ఆలీసమాయె!"

ప్రియ బెంచీ మీద కూర్చుని, చేతిసంచీని ఒళ్ళో పెట్టుకుని, పక్కన చోటు చేసింది.

"కూచోన్నా" అంది.

అంతోణి బండి వైపు చూశాడు, ఆ చోటు వైపు చూశాడు. నారాయణసామి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. లాగలేదు, పట్టుకున్నాడంతే.

హారను మళ్ళీ మోగింది. అంతోణి మెల్లగా బెంచీ అంచున కూర్చున్నాడు. డ్రైవరుకు రానని చెప్పడానికి నోరు తెరిచాడు. చివరికి చెయ్యి మాత్రం అడ్డంగా ఊపాడు.

డ్రైవరు తలుపు తెరిచి, బండి దిగి, ఇటువైపు నడిచి వస్తున్నాడు.